కిల్ట్ వేసుకుని బయటికి వెళితే: జనం చూపులు, మాటల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కిల్ట్ అంటే స్కాట్లాండ్ మగవాళ్లు సంప్రదాయంగా నడుముకు చుట్టుకునే, మోకాళ్ల దాకా వచ్చే కుచ్చిళ్ల గళ్ల బట్ట. స్కాట్లాండ్‌లో చదువుకునే, ఉద్యోగం చేసే మనవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు దాన్ని వేసుకునే సందర్భం వస్తుంది. కాన్వొకేషన్, స్నేహితుడి పెళ్లి, జనవరి 25న కవి రాబర్ట్ బర్న్స్ పేరిట జరిగే బర్న్స్ నైట్ విందు, నవంబర్ 30న స్కాట్లాండ్ జాతీయ దినమైన సెయింట్ ఆండ్రూస్ డే, రగ్బీ మ్యాచ్, ఏదో ఒకటి. ఎలా కట్టుకోవాలో అద్దెకిచ్చే దుకాణంవాళ్లు చూపిస్తారు. దుకాణం బయట ఎదురయ్యే చూపులు, ప్రశ్నలు, ముందుకొచ్చే చేతుల గురించి మాత్రం వాళ్లు చెప్పరు. ఈ పేజీ వాటి కోసం.

కిల్ట్ వేసుకుంటే అందరూ తిరిగి చూస్తారా?

ఊరిని బట్టి, రోజును బట్టి ఉంటుంది. శనివారం మధ్యాహ్నం ఎడిన్‌బరోలోనో గ్లాస్గోలోనో పెళ్లిబృందాలు కిల్టుల్లో తిరగడం మామూలు, ఎవరూ పట్టించుకోరు. మరేఫీల్డ్‌లో రగ్బీ, హాంప్‌డెన్‌లో ఫుట్‌బాల్ ఉన్న రోజు ప్యాంటు వేసుకున్నవాళ్లే తక్కువగా కనిపిస్తారు. కాన్వొకేషన్ల కాలంలో ఎడిన్‌బరో యూనివర్సిటీ మెక్‌యూవన్ హాల్ చుట్టుపక్కల గౌను కింద కిల్ట్ కనబడితే అది వింత కాదు.

అదే మంగళవారం ఉదయం సూపర్‌మార్కెట్‌లో పాలు కొంటుంటే నలుగురు చూస్తారు. అక్కడివాళ్లు కూడా రోజూ వేసుకోరు కాబట్టి ఇవాళ ఏం విశేషమో అని వాళ్ల ఆసక్తి. "గోయింగ్ టు ఎ వెడ్డింగ్?" అని అడిగితే "అవును" అనో, "లేదు, ఊరికే" అనో చెప్పండి. రెండూ సరైన జవాబులే.

ఎడిన్‌బరో రాయల్ మైల్ మీద, వేవర్లీ స్టేషన్ దగ్గర టూరిస్టులు మిమ్మల్ని గైడ్ అనుకుని దారి అడుగుతారు. హోటల్ లాబీలో ఇంకో చిక్కుంది. చాలా హోటళ్లలో డోర్‌మన్, వెయిటర్ల యూనిఫాం కిల్టే కాబట్టి ఎవరైనా మీ చేతికి కోటు అందించవచ్చు. "సారీ, ఐ యామ్ ఎ గెస్ట్" అని నవ్వుతూ చెబితే సరిపోతుంది.

స్కాటిష్ కానివాళ్లం వేసుకుంటే తప్పు పడతారా?

పట్టరు. పిలిచినచోటికి మీరు వాళ్ల పద్ధతిలో తయారై వచ్చారని సంతోషిస్తారు. తలపాగాతో పాటు కిల్ట్ వేసుకునే సిక్కులు స్కాట్లాండ్‌లో చాలాకాలంగా ఉన్నారు. దక్షిణాసియా మనిషి కిల్ట్‌లో కనబడటం అక్కడ కొత్త సంగతేమీ కాదు.

కిల్ట్ బట్ట మీది రంగుల గళ్ల డిజైన్‌ను టార్టన్ అంటారు. ఏ టార్టన్ ఎవరు వేసుకోవాలనే దానికి చట్టం లేదు. ఒక్కో వంశానికి, అంటే క్లాన్‌కు, ఒక్కో టార్టన్ అనే పద్ధతి బాగా స్థిరపడింది 19వ శతాబ్దంలో. 1822 ఆగస్టులో నాలుగో జార్జ్ రాజు ఎడిన్‌బరో వచ్చినప్పుడు నవలాకారుడు వాల్టర్ స్కాట్ దగ్గరుండి ఏర్పాట్లు చేయించాడు. రాజు కూడా కిల్ట్ వేసుకోవడంతో కొండప్రాంతాల దుస్తులు దేశం మొత్తానివైపోయాయి. ఇప్పుడు కొత్త టార్టన్లను 2009లో మొదలైన ప్రభుత్వ టార్టన్ రిజిస్టర్‌లో ఎవరైనా నమోదు చేయించుకోవచ్చు.

మర్యాద ప్రకారం వదిలేయవలసింది బాల్మోరల్ టార్టన్. అది రాజకుటుంబానిది. కుటుంబంతో సంబంధం లేనివాళ్లు బ్లాక్ వాచ్, హంటింగ్ స్టూవర్ట్, కలెడోనియా, ఫ్లవర్ ఆఫ్ స్కాట్లాండ్ లాంటివి వేసుకుంటారు. వీటిని చూసి ఎవరూ కనుబొమ్మలు ఎగరేయరు.

"మీది ఏ క్లాన్?" అని అడిగితే?

ఇది పరీక్ష కాదు, పలకరింపు. వేసుకున్న టార్టన్ పేరు ముందే తెలుసుకుని వెళ్లండి, దుకాణంవాళ్లను అడిగితే చెబుతారు. "బ్లాక్ వాచ్, ఎవరైనా వేసుకోవచ్చు కదా" అంటే చాలు. పెళ్లికొడుకు కుటుంబం టార్టన్ అయితే ఆ మాటే చెప్పండి, వెంటనే పెళ్లి కబుర్లు మొదలవుతాయి. లేని క్లాన్‌తో లేని చుట్టరికం కల్పించి చెప్పకండి. అడిగేవాళ్లలో ఆ ఇంటిపేరువాళ్లు ఉండే అవకాశం బాగా ఎక్కువ.

పెద్దవాళ్లు ఆపి నా కిల్ట్ సరిచేస్తున్నారు. అవమానంగా ఉంది, ఏం చేయాలి?

ముందుగా, అది అవమానం కాదు. స్టూవర్ట్ రాజవంశాన్ని తిరిగి గద్దెనెక్కించాలని 1745లో లేచిన తిరుగుబాటు తర్వాత వచ్చిన చట్టం కొండప్రాంతాల మగవాళ్ల దుస్తులను 1747 ఆగస్టు 1 నుంచి నిషేధించింది. సైన్యంలో ఉన్నవాళ్లకే మినహాయింపు. మొదటిసారి దొరికితే ఆరు నెలల జైలు, రెండోసారి ఏడేళ్ల ద్వీపాంతరం. ఆ నిషేధం 1782 వరకు పోలేదు. అలాంటి చరిత్ర ఉన్న బట్టను సరిగ్గా కట్టుకోవాలన్న పట్టుదల పెద్దతరంలో ఇంకా ఉంది. బస్టాపులో ఒక ముసలాయన "యువర్ పిన్, సన్" (కిల్ట్‌కు గుచ్చిన పిన్ను చూసుకో బాబూ) అన్నాడంటే మీ మీద అభిమానంతోనే అన్నాడు. "థాంక్యూ" చెప్పి సరిచేసుకోండి.

అసలు జనం నవ్వే సందర్భాల్లో చాలావాటికి కారణం మనిషి కాదు, కట్టు తప్పడం. తరచుగా తప్పేవి ఇవి.

నడుము: ఎక్కువమంది చేసే తప్పు ఇదే. జీన్స్ అలవాటుతో కిల్టును తుంటి మీద కట్టేస్తారు. కిల్ట్ నిలవాల్సింది బొడ్డు ఎత్తులో. కిందికి దిగితే అంచు మోకాలు దాటి వేలాడుతుంది, వెనక కుచ్చిళ్లు విచ్చుకుంటాయి, చూసేవాళ్లకు స్కర్టులా కనిపిస్తుంది. అందుకే అద్దెకు తీసుకునేటప్పుడు ప్యాంటు సైజు చెప్పకండి. బొడ్డు దగ్గర టేపు పెట్టి కొలిపించండి, ప్యాంటు సైజుకూ దానికీ రెండు మూడు అంగుళాలు తేడా వస్తుంది.

అంచు: మోకాలిచిప్ప మధ్యభాగానికీ పై అంచుకూ నడుమ ఉండాలి. మోకాళ్ల మీద నిటారుగా నిలబడి ఎవరినైనా చూడమనండి. అంచు నేలకు సుమారు అంగుళం పైన ఉంటే సరిపోయినట్టే.

ముందు వెనకలు: నున్నటి పలక ముందుకు, కుచ్చిళ్లు వెనక్కి. పై పలక తెరుచుకునే అంచు మీ కుడిచేతి వైపు రావాలి. కుచ్చిళ్లు ముందుకు తిప్పి కట్టుకున్న ఫోటోలు ప్రతి కాన్వొకేషన్‌లో కనిపిస్తాయి.

పిన్: కుడి కింద మూలలో, పై పలకకు మాత్రమే. రెండు పలకలకూ కలిపి గుచ్చితే అడుగు వేసినప్పుడల్లా బట్ట లాగుతుంది, కూర్చుంటే చిరుగుతుంది. అద్దె కిల్ట్ అయితే ఆ చిరుగు డబ్బు మీ దగ్గరే వసూలు చేస్తారు.

స్పోరన్: ముందు వేలాడే ఆ సంచి బెల్టు బకిల్‌కు నాలుగు వేళ్ల కింద, సరిగ్గా మధ్యలో ఉండాలి. గొలుసు వదులైతే నడుస్తుంటే తొడలకు కొట్టుకుంటుంది.

సాక్స్: పైన మడిచి, మోకాలిచిప్పకు మూడు వేళ్ల కింద ఆపాలి. రంగు రిబ్బన్లు, అంటే ఫ్లాషెస్, పిక్కల బయటి వైపుకు రావాలి.

బూట్ల తాళ్లు: గిల్లీ బ్రోగ్స్‌కు నాలుక ఉండదు, తాళ్లు పొడవు. వాటిని రెండు మూడు మెలికలు తిప్పి చీలమండ పైన చుట్టి ముందో పక్కనో ముడి వేయాలి. పిక్క మీదంతా అల్లుకుంటూ పోతే జారిపోతాయి, చూడటానికీ బాగుండదు.

బయలుదేరే ముందు నిలువుటద్దంలో ముందు ఒకసారి, వెనక ఒకసారి చూసుకోండి. వెనక చూడటం అందరూ మరిచిపోతారు.

"లోపల ఏమైనా వేసుకున్నావా?" అనే ప్రశ్నకు ఏం చెప్పాలి?

ఈ ప్రశ్న వస్తుంది. తప్పకుండా వస్తుంది, ఒక్క సాయంత్రంలోనే ఎన్నిసార్లయినా రావచ్చు. అడిగేవాళ్లలో చాలామంది తామే మొదటిసారి అడుగుతున్నామని అనుకుంటారు. ముందే ఒక జవాబు సిద్ధం చేసుకుంటే తడబడరు.

స్కాట్లాండ్‌లో వాడుకలో ఉన్నది "షూస్ అండ్ సాక్స్". రెండు ముక్కలు, నవ్వు వస్తుంది, సంభాషణ ముగుస్తుంది. అడిగింది పెద్దావిడ అయినా, చిన్నపిల్లాడైనా, పెళ్లికూతురు వాళ్ల నాన్న అయినా దీన్ని వాడవచ్చు. చెప్పాక ఆగకుండా వేరే మాటలోకి వెళ్లిపోవడం ముఖ్యం. చెప్పి ఆగి చూస్తే రెండో ప్రశ్నకు దారి ఇచ్చినట్టే.

మళ్లీ మళ్లీ గుచ్చి అడిగితే అది సరదా కాదు. "ఐ డోంట్ డిస్కస్ దట్" అని ముఖంలో నవ్వు లేకుండా ఒకసారి చెప్పి పక్కకు తిరగండి. ఒంటి గురించి పరాయివాళ్లకు సంజాయిషీ చెప్పవలసిన అవసరం కిల్ట్ వేసుకున్నంత మాత్రాన మీకు రాదు. ఆఫీసు పార్టీలో పైఅధికారి అడిగినా అంతే.

చూపించమని పందెం కాస్తే ఒప్పుకోకండి. నవ్వుల్లో మొదలైంది పోలీసు కేసులో తేలవచ్చు.

అసలు లోపల ఏం వేసుకోవాలి?

అండర్‌వేర్ వేసుకోండి. "నిజమైన స్కాట్ ఏమీ వేసుకోడు" అన్నది బాగా ప్రచారమైన మాట, అందరూ పాటించే నియమం కాదు. కొండప్రాంతాల నృత్యమైన హైలాండ్ డ్యాన్స్ పోటీల్లో లోపల వేసుకోవడం తప్పనిసరి. అద్దె దుకాణాలూ వేసుకోమనే చెబుతాయి, రేపు అదే కిల్ట్ ఇంకొకరు కట్టుకోవాలి కదా.

ఒంటికి పట్టి ఉండే ముదురు రంగు బాక్సర్ బ్రీఫ్స్ అన్నింటికన్నా నయం. వదులు బాక్సర్లు కూర్చున్నప్పుడు పైకి జరుగుతాయి. తెల్లరంగు దూరానికే కనిపిస్తుంది.

ఎవరైనా కిల్ట్ ఎత్తడానికి ప్రయత్నిస్తే?

చదివేవాళ్లు కొంచెం నిదానంగా చదవవలసింది ఇదే. రాత్రి పది దాటాక పబ్బుల్లో, పెళ్లి డ్యాన్స్ ఫ్లోర్ మీద, పెళ్లికి ముందు గుంపుగా తిరిగే ఆడపిల్లల పార్టీల దగ్గర ఇది జరుగుతుంది. చేసేది ఆడవాళ్లయినా మగవాళ్లయినా "సరదాకే" అంటారు. మీకు సరదాగా లేకపోతే అది సరదా కాదు. మగవాడు ఇలాంటిదానికి ఫిర్యాదు చేస్తే నవ్వుతారేమోనన్న మొహమాటంతో చాలామంది మింగుకుని ఇంటికి వెళ్లిపోతారు. అలా మింగుకోవలసిన పని లేదు. అనుమతి లేకుండా ఒంటి మీద, బట్ట మీద చెయ్యి వేయడాన్ని స్కాట్లాండ్ చట్టం దాడిగా చూస్తుంది. లైంగిక ఉద్దేశంతో తాకితే 2009 నాటి లైంగిక నేరాల చట్టం కిందికి వస్తుంది. ఆ చట్టానికి బాధితుడు ఆడా మగా అన్న తేడా లేదు.

ఆ క్షణంలో చేయవలసినవి:

1. చెయ్యి ముందుకొస్తుంటే ఒక అడుగు వెనక్కి వేసి, వీపు గోడకో బార్ కౌంటర్‌కో ఆనించండి. కుచ్చిళ్లు వెనక ఉంటాయి కాబట్టి ఎత్తేవాళ్లు ఎక్కువగా వెనక నుంచే వస్తారు. ముందు వైపు స్పోరన్ బరువు కాపాడుతుంది.

2. అరచెయ్యి చూపించి "నో. డోంట్ టచ్ మీ" అని చుట్టుపక్కలవాళ్లకు వినపడేలా చెప్పండి. నవ్వుతూ చెబితే ఒప్పుకున్నట్టే తీసుకుంటారు.

3. వాళ్ల చెయ్యి మెలిపెట్టడం, తొయ్యడం వద్దు. తర్వాత కథ తిరగబడుతుంది, తోసింది మీరే అవుతారు.

4. మళ్లీ ప్రయత్నిస్తే బార్ సిబ్బందికో డోర్ దగ్గరి స్టీవార్డుకో చెప్పండి. పెళ్లిలో అయితే పెళ్లికొడుకుకు కాదు, అతని బెస్ట్ మ్యాన్‌కు, అంటే తోడుపెళ్లికొడుకుకు, చెప్పండి. గొడవ లేకుండా సర్దడం అతని పనుల్లో ఒకటి.

5. నిజంగా ఎత్తినా, పట్టుకున్నా, వెంటబడినా పోలీసులకు చెప్పండి. ప్రమాదం అప్పుడే ఉంటే 999. అయిపోయాక ఫిర్యాదుకు 101. రైల్లో, స్టేషన్లో అయితే రైల్వే పోలీసులకు 61016కు మెసేజ్ పంపవచ్చు. సమయం, చోటు, మనిషి గుర్తులు, చూసినవాళ్ల పేర్లు వెంటనే ఫోన్లో రాసిపెట్టుకోండి. సీసీటీవీ రికార్డులను ఎక్కువకాలం ఉంచరు కాబట్టి ఆలస్యం చేయకూడదు.

మీతోపాటు కిల్ట్ వేసుకున్న స్నేహితుడికి ఇది జరుగుతుంటే వీడియో తీయకండి. అతనికీ వాళ్లకూ మధ్యకు వెళ్లి నిలబడండి.

ఫోన్ కింద పెట్టి ఫోటో తీస్తే?

నేరం. స్కాట్లాండ్‌లో 2010లోనే చట్టాన్ని సవరించి దీన్ని చేర్చారు. ఇంగ్లండ్, వేల్స్‌లో 2019 ఏప్రిల్ నుంచి ప్రత్యేక నేరం. ఈ చట్టాలు చూసేది బట్టల కింద తీశారా లేదా అని, అది కిల్టా స్కర్టా అని కాదు. ఎస్కలేటర్ మీద పక్కకు తిరిగి, గోడ వైపు వీపు పెట్టి నిలబడే అలవాటు చేసుకోండి. గాజు మెట్లు, మెలికల మెట్లు ఉన్నచోట గుంపులో ఆఖరున ఎక్కండి, దిగేటప్పుడు ముందుండండి. ఎడిన్‌బరోలో స్కాట్ మాన్యుమెంట్‌కు 287 మెట్లు, ఇరుకైన మెలికలు. దాన్ని ప్యాంటు వేసుకున్న రోజుకు వాయిదా వేయండి.

మాతో ఫోటో దిగమని అడిగితే?

ఇష్టమైతే దిగండి, లేకపోతే "సారీ, ఐ యామ్ లేట్" అని నడవండి. దిగేటప్పుడు "జస్ట్ వన్" అని ముందే అనేయండి, లేకపోతే మొత్తం టూరు బస్సు వరుస కడుతుంది. చెయ్యి నడుము కిందికి జారితే ఫోటో మధ్యలోనైనా పక్కకు జరగండి. డబ్బులిస్తే వద్దనండి. రాయల్ మైల్ మీద బ్యాగ్‌పైప్ వాయించి బతికేవాళ్లున్నారు, ఆ నాణెం వాళ్లకు వేయమని చెప్పండి.

గాలికి లేస్తుందా?

బట్ట బరువును బట్టి. మంచి కిల్ట్‌లో 8 గజాల ఉన్ని ఉంటుంది. గజానికి 16 ఔన్సుల బట్టయితే (ఆ తూకం రెట్టింపు వెడల్పు బట్టకు లెక్క, కిల్ట్‌కు పట్టేది అందులో సగం వెడల్పే) మొత్తం సుమారు రెండు కిలోలు తూగుతుంది. కుచ్చిళ్లు ఊగుతాయి కానీ మామూలు గాలికి లేవవు. 13 ఔన్సులది కూడా పర్వాలేదు. చవకగా దొరికే పల్చటి పాలీవిస్కోస్ కిల్టులు, టూరిస్టు దుకాణాల్లో అమ్మే 4, 5 గజాలవి మాత్రం ఎడిన్‌బరో నార్త్ బ్రిడ్జ్ మీద గాలికి ఆగవు.

బలహీనమైన చోటు వెనక భాగం. వెనక నుంచి గాలి కొడుతుంటే అరచెయ్యి వెనక్కి పెట్టి తొడ దగ్గర కుచ్చిళ్లను అదిమి నడవండి. అందరూ అలాగే చేస్తారు, ఎవరూ వింతగా చూడరు. పిన్ను బరువు మీద ఆశ పెట్టుకోకండి.

గాలికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది వీపు మీద బ్యాగు. నడుస్తుంటే దాని అడుగుభాగం కుచ్చిళ్లకు రాసుకుని బట్టను కొంచెం కొంచెంగా పైకి లాగేస్తుంది. మీకు తెలియదు, వెనకవాళ్లకు తెలుస్తుంది. జనం నవ్వుకుంటూ పోతున్నారంటే మొదట తడిమి చూసుకోవలసింది అక్కడే. బ్యాగు చేతిలో పట్టుకోండి.

బస్సులో, ట్రామ్‌లో ఎలా కూర్చోవాలి?

కూర్చునే ముందు చేతి వెనక భాగంతో కుచ్చిళ్లను పైనుంచి కిందికి ఒకసారి నిమిరి, అదే ఊపులో కూర్చోండి. లేకపోతే కుచ్చిళ్లు ముడతలుపడతాయి, ఒక్కోసారి సీటు చల్లదనం నేరుగా తొడకు తగులుతుంది. కూర్చున్నాక ముందు పలకను మోకాళ్ల మధ్య కొంచెం కిందికి నొక్కి, స్పోరన్‌ను ఒడిలో పడేలా వదలండి. ఎదురుగా సీట్లు ఉంటే కాలు మీద కాలు వేయకండి. కారు దిగేటప్పుడు రెండు కాళ్లూ కలిపి బయటపెట్టి తర్వాత లేవండి.

లుంగీ అలవాటున్నవాళ్లకు ఒక హెచ్చరిక. వేడిగా అనిపించగానే చెయ్యి తనంతట తానే అంచు మీదికి పోయి పైకి మడవబోతుంది. అక్కడే ఆపుకోండి.

"నైస్ స్కర్ట్!" అని అరిస్తే?

స్కాట్లాండ్‌లో ఈ మాట తక్కువ, ఇంగ్లండ్‌లో ఎక్కువ. నడుస్తూనే "కిల్ట్" అని ఒక్క మాట అనండి, లేదా ఏమీ అనకండి. అరిచేవాడికి కావలసింది మీరు ఆగడం. కారులోంచి అరిచినవాళ్లకు, గుంపులో ఉన్నవాళ్లకు, తాగినవాళ్లకు జవాబు ఇవ్వకండి. పక్క టేబుల్ మీద కూర్చున్న మనిషి నిజంగా తెలియక అడిగితే మాత్రం ఓపికగా చెప్పండి, చాలామంది ఆసక్తిగా వింటారు.

జాతి గురించి మాట్లాడితే?

"నీకెందుకు ఇది", "నీ దేశం బట్టలు వేసుకో" లాంటివి అరుదుగానైనా వినబడతాయి. కిల్ట్ వేసుకునే హక్కు గురించి వాదనకు దిగకండి. అతని కోపం కిల్ట్ మీద కాదు, మీరు ఎలా నచ్చజెప్పినా మారదు. వెలుతురు, జనం ఉన్నచోటికి వెళ్లండి. బస్సులో అయితే డ్రైవర్ దగ్గరికి జరగండి. పక్కన ఉన్న స్కాట్లు చాలాసార్లు మీ తరఫున మాట్లాడతారు, వాళ్లను మాట్లాడనివ్వండి.

జాతిద్వేషంతో చేసిన నేరాన్ని స్కాట్లాండ్ చట్టం మరింత తీవ్రంగా చూస్తుంది. ఇప్పుడున్న ద్వేష నేరాల చట్టం 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 101కు ఫోన్ చేసి గానీ, పోలీస్ స్కాట్లాండ్ వెబ్‌సైట్‌లో గానీ ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదు చేస్తే వీసా మీద ప్రభావం పడుతుందన్న భయం మన విద్యార్థుల్లో ఉంది. బాధితుడు ఫిర్యాదు చేయడం తప్పు కాదు, దానివల్ల వీసా పోదు.

సాక్స్‌లో కత్తి చూసి పోలీసులు ఆపుతారా?

కుడి సాక్స్‌లో పిడి మాత్రం కనబడేలా పెట్టుకునే చిన్న కత్తిని స్కీన్ దూ అంటారు. బయట పదునైనది పెట్టుకు తిరగడం నేరమే అయినా, జాతీయ దుస్తుల్లో భాగంగా పెట్టుకున్నానని చెప్పుకునే అవకాశం స్కాట్లాండ్‌లో 1995 చట్టం ఇస్తుంది. ఇంగ్లండ్‌లో 1988 చట్టం ఇస్తుంది. ఆ కారణం చూపించవలసింది మీరే. పూర్తి దుస్తుల్లో, సాక్స్‌లో ఉన్నంతవరకే ఇది పనికొస్తుంది. మర్నాడు జీన్స్ వేసుకుని, కత్తి జేబులో పెట్టుకుని దుకాణానికి తిరిగి ఇవ్వడానికి వెళితే ఈ కారణం చెల్లదు. దాన్ని మిగతా బట్టలతో కలిపి కవరు అడుగున పెట్టి తీసుకెళ్లండి.

కొన్ని హాళ్లు, నైట్‌క్లబ్బులు కత్తిని లోపలికి రానివ్వవు. ఫోటోల కోసమే అయితే బ్లేడు లేని ప్లాస్టిక్ పిడి అడిగి తీసుకోండి, తేడా ఎవరికీ తెలియదు. ఎవరైనా చూపించమంటే బయటికి తీయకండి.

ఎయిర్‌పోర్టులో?

కత్తి చెక్‌-ఇన్ పెట్టెలో. స్పోరన్, బెల్టు, పిన్ను ట్రేలో. కిల్ట్ పట్టీల బకిల్స్ లోహం కాబట్టి మెషీన్ కూయవచ్చు. అప్పుడు చేత్తో తనిఖీ చేస్తారు. అందరి ముందూ ఇబ్బందిగా ఉంటే విడిగా గదిలో, మగ సిబ్బందితో చేయించమని అడగవచ్చు. దుస్తులు విప్పమని లైన్లో ఎవరూ అడగరు, మీరూ విప్పకండి.

చిన్నపిల్లలు వేలు పెట్టి చూపిస్తే?

నవ్వండి. "హలో" అనండి. అంతకంటే ఏమీ అక్కర్లేదు.

స్కాట్లాండ్ బయట?

లండన్‌లో చూస్తారు కానీ పలకరించరు. అమెరికాలో పలకరిస్తారు, తాత ముత్తాతల క్లాన్ కథంతా చెబుతారు, కాస్త సమయం పెట్టుకుని వెళ్లండి. ఏప్రిల్ 6 టార్టన్ డే సమయంలో న్యూయార్క్‌లోనూ, అట్లాంటా దగ్గర స్టోన్ మౌంటెన్‌లో విడిగా జరిగే హైలాండ్ గేమ్స్ అనే స్కాటిష్ ఆటల పోటీల్లోనూ కిల్ట్ మామూలు దుస్తులే. అట్లాంటా చుట్టుపక్కల ఉన్న మనవాళ్లు మొదటిసారి వేసుకుని చూడటానికి స్టోన్ మౌంటెన్ చక్కటి చోటు.

ఫోటో చూసి ఇంట్లోవాళ్లు "ఏంట్రా ఆ లంగా?" అంటున్నారు.

నిజం చెప్పాలంటే పరాయివాళ్లకన్నా మనవాళ్లే ఎక్కువ నవ్వుతారు. ఫ్యామిలీ గ్రూపులో ఫోటో పెట్టే ముందే ఒక వాక్యం రాయండి: "ఇక్కడ పెళ్లికి మగవాళ్లు ఇదే వేసుకుంటారు బాబాయ్, మనకు పట్టుపంచె ఎలాగో వీళ్లకు ఇది అలాగ." కింద ఇంకో ఫోటోలో పెళ్లికొడుకు, అతని తండ్రి, తాత అందరూ కిల్టుల్లో ఉన్నది పెట్టండి. ఒంటరిగా ఉన్న ఫోటోకు వచ్చే మాటలు వేరు, తాతగారు పక్కనున్న ఫోటోకు వచ్చే మాటలు వేరు. రూమ్మేట్లు వీడియో తీసి స్టేటస్‌లో పెడితే ఆ రోజే తీసేయమని సూటిగా చెప్పండి.

హైదరాబాద్ పెళ్లికి స్కాట్లాండ్ నుంచి మగపెళ్లివారు కిల్టుల్లో వస్తున్నారు. ఏం చూసుకోవాలి?

మొదట ఎండ. మేలో 16 ఔన్సుల ఉన్ని, పైన కోటు, మోకాళ్ల దాకా ఉన్ని సాక్స్ వేసుకుని ఊరేగింపులో గంటసేపు నడిస్తే మనిషి పడిపోతాడు. కోటు, వెయిస్ట్‌కోటు తీసేసి చొక్కా మీద ఉండమనండి, మంచినీళ్లు చేతికి అందేలా పెట్టండి. రాత్రి ముహూర్తమైతే ఇబ్బంది తక్కువ.

తర్వాత జనం. ఊరేగింపులో కుర్రాళ్లు సెల్ఫీల కోసం చుట్టుముడతారు, ఒకరిద్దరు బట్ట పట్టుకుని చూస్తారు కూడా. మన వైపు నుంచి ఇద్దరు పెద్దమనుషులను అతిథుల వెనకే నడవమని ముందే పురమాయించండి. తెలుగులో "చెయ్యి వెయ్యొద్దు బాబూ" అని వాళ్లు ఒక్క మాట అంటే చాలు, అతిథి తన భాషలో పదిసార్లు అన్నా రాని ఫలితం వస్తుంది.

మండపంలో చెప్పులతో పాటు తోలు సామాను సంగతి చూడండి. స్పోరన్, బెల్టు తోలువి. చాలా గుళ్లలో తోలు లోపలికి రానివ్వరు, అప్పుడు రెండూ తీసి కారులో పెట్టమనండి. కిల్ట్ పట్టీలు కూడా చాలావరకు తోలువే, అవి తీస్తే కిల్ట్ నిలవదు. గుడిలో పెళ్లయితే ఆ కాసేపటికి పంచె కట్టించడమే సులువు. తిరుమల సేవలకు మగవాళ్లకు పంచె గానీ కుర్తా పైజమా గానీ అని నియమం ఉంది, అక్కడికి కిల్ట్‌తో తీసుకెళ్లకండి. పీటల మీద, నేల మీద కూర్చోవలసి వస్తే ఒడిలో ఒక కండువా పరిచి ఇవ్వండి.

మధ్యలో ఇక చాలు అనిపిస్తే?

మార్చుకోండి. మొదటిసారి వెళ్లేటప్పుడు పల్చటి ప్యాంటు ఒకటి బ్యాగులో పెట్టుకుంటే ధైర్యంగా ఉంటుంది. విప్పిన కిల్టును చొక్కాలా మడిచి కుక్కకండి, కుచ్చిళ్లు చెదిరితే ఇస్త్రీకి గంటలు పడుతుంది. నేల మీద పరిచి, కుచ్చిళ్లు సరిచేసి, ఒక పక్క నుంచి అడ్డంగా గట్టిగా చుట్టండి. పొడవాటి గొట్టంలా వస్తుంది. దాన్ని పాత నైలాన్ మేజోడు ఒకదానిలో దూరిస్తే విడిపోదు, ఇల్లు చేరేదాకా కుచ్చిళ్లు కదలవు.